అప్‌డేట్: రేడియేషన్ సమయంలో నాన్నగారికి ఇచ్చిన ప్రశ్నపత్రం గురించి

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న మా నాన్నగారికి ఆసుపత్రిలో ఇచ్చిన 30 ప్రశ్నల పత్రం వల్ల ప్రయోజనం ఉందా, ఆయన బదులు నేను నింపవచ్చా అని లోగడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అది ఐరోపా క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ రూపొందించిన జీవన నాణ్యత ప్రశ్నపత్రం, పేరు క్యూఎల్‌క్యూ-సీ30. ఎక్కువ ప్రశ్నలు గడిచిన వారం ఎలా ఉందనే దాని గురించే. 28 ప్రశ్నలకు 1 (అస్సలు లేదు) నుంచి 4 (చాలా ఎక్కువ) వరకు, మొత్తం ఆరోగ్యం, జీవన నాణ్యతలపై ఉన్న చివరి రెండింటికి 1 నుంచి 7 వరకు ఒక అంకెను చుట్టాలి. తల, మెడ క్యాన్సర్లకు అనుబంధ పత్రం వేరే ఉంది.

రోగి జవాబులు రోగివే కావాలని, నేను చదివి వినిపిస్తే చాలని నర్సు చెప్పారు. డాక్టరుగారు ఎప్పుడడిగినా "పరవాలేదండీ" అనే నాన్నగారు, ఆ అనుబంధ పత్రంలో మింగేటప్పుడు ఇబ్బంది అన్నచోట 4ను కాగితం చిరిగేంత గట్టిగా చుట్టారు. నొప్పి మాత్రలు గొంతు దిగక మానేశారని అప్పుడే బయటపడింది. వెంటనే సిరప్‌కు మార్చారు.

స్కోర్లను 0 నుంచి 100కు మారుస్తారు. అయితే పనితీరు విభాగాల్లో ఎక్కువ వస్తే మేలు, బాధల విభాగాల్లో ఎక్కువ వస్తే కీడు కనుక అన్నింటినీ కలిపి కూడకూడదు. విడి అంకె కన్నా చికిత్సకు ముందున్న స్కోరుతో పోలికే ముఖ్యం. సుమారు 10 పాయింట్ల తేడాను సాధారణంగా పట్టించుకోదగిన మార్పుగా చూస్తారు.

రేడియేషన్ ముగిశాక కూడా నోటిపూత కొన్ని వారాలు ఉండవచ్చు కాబట్టి, తొలి రివ్యూలో పత్రం మళ్లీ నింపమన్నారు.