గుండెపోటులో పోటు, రక్తపోటులో పోటు ఒకటేనా?

సాగరతీరం: మూడు రోజులుగా ఒక మాట సగంలో ఆగి వేధిస్తోంది. ఇంటర్మీడియట్‌లో మా జంతుశాస్త్రం మాస్టారు రక్తప్రసరణ పాఠం మొదలుపెడుతూ "పొడిచేది ఒక పోటు, పొంగేది ఒక పోటు" అనేవారు. మూడోది కూడా ఉండేది, అదే గుర్తు రావడం లేదు. గుండెపోటులోది పొడిచే పోటు, రక్తపోటులోది సముద్రపు పోటు అని ఆయన భావం. ఆ మూడో ముక్క ఎవరైనా విన్నారా?

నిఘంటుప్రియ: మూడోదాని సంగతి తరువాత. ముందు ఆ రెండూ వేరని ఎవరన్నారు? పడు–పాటు, చెడు–చేటు ఎలాగో పొడుచు–పోటు అలాగే. పొద్దు పొడిచిందంటాం, అక్కడ కత్తి లేదు కదా! పైకి రావడమూ పొడవడమే. కత్తిపోటుకూ కడలిపోటుకూ తల్లి ఒక్కతే.

ఆటుపోట్లు: ఒప్పుకోను. కడలిపోటుకు ఆటు తోడుంటుంది, కత్తిపోటుకు ఉండదు. రక్తపోటుకు ఆ తోడు ఉంది: 120/80లో పై అంకె పోటు, కింది అంకె ఆటు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రం ధమనికి గాజుగొట్టం అమర్చి చూశాడు, ఆ వివరాలు 1733లో అచ్చయ్యాయి. నెత్తురు ఎనిమిది అడుగులకు పైగా ఎక్కి, నాడి కొట్టినప్పుడల్లా కొన్ని అంగుళాలు లేస్తూ దిగుతూ ఉంది. అది అచ్చంగా సముద్రమే. 1896లో రీవా రోచి అనే ఇటలీ వైద్యుడు చేతికి కట్టిన పట్టీకి పోటు మాత్రమే అందింది. ఆటును చెవితో పట్టుకున్నవాడు 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్.

నిఘంటుప్రియ: అంకెలు బాగున్నాయి. కానీ తోడు మాట ఉన్నంత మాత్రాన ధాతువు మారదు.

పాతపుస్తకం: పోటరి అంటే శూరుడు, మరిచిపోయారా? పోటుకు పౌరుషం కూడా ఉంది. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు నడిపిన తిక్కన గారి బలమంతా ఇలాంటి పొట్టి తెలుగు మాటల్లోనే ఉంది. నలుగురు మనుషుల మధ్య సంభాషణ ఆయన నడిపినట్లు ఇంకెవరు నడిపారు? నన్నయ గారి ప్రసన్నత వేరు, అది వేరే టపాలో మాట్లాడుకుందాం. అన్నట్లు తిరుమలలో లడ్డూలు చేసే వంటశాల కూడా పోటే. మాస్టారి మూడోది "వండేది ఒక పోటు" అయి ఉండాలి.

సాగరతీరం: రక్తప్రసరణ పాఠంలో వంటశాల ఎందుకు వస్తుందండీ?

వార్డు డాక్టరు: నా బాధ వేరు. గుండెపోటు అనే మాటే రోగులను తప్పుదారి పట్టిస్తోంది. 1768లో లండనులో హెబర్డెన్ అనే వైద్యుడు ఛాతీ నొప్పిని వర్ణించినప్పుడు పొడిచినట్లు అనలేదు, గొంతు నులిమినట్లు అన్నాడు. ఆ నొప్పికి ఆంజైనా అనే పేరు అందుకే వచ్చింది. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో 1948లో మొదలైన అధ్యయనం 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించింది. అక్కడ బయటపడిన గుండెపోట్లలో నాలుగింట ఒక వంతుకు పైగా అప్పుడు ఎవరూ గుర్తించనివే, తరువాత తీసిన ఈసీజీలో కనిపించాయి. మధుమేహం ఉన్నవారికైతే నొప్పే తెలియకపోవచ్చు. "పొడవలేదు కదా డాక్టరుగారూ, గ్యాస్ అనుకున్నాను" అని తెల్లవారాక వచ్చినవారిని ఎందరినో చూశాను. రక్తనాళం మూసుకున్నాక గుండె కండరానికి ప్రతి నిమిషం లెక్కే. అందుకే అడుగుతున్నాను, మాస్టారు అన్నది "పొంగేది" కాక "పొంచేది" కావచ్చు కదా? అధిక రక్తపోటు ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ల తరబడి పొంచే ఉంటుంది.

నిఘంటుప్రియ: గే, చే! అర్థం బాగుంది, కానీ పోటు పొంచదు, పొంచేది పులి. పోటు పొంగుతుంది.

ఆటుపోట్లు: ఈ ఒక్క విషయంలో నిఘంటుప్రియ గారితో ఏకీభవిస్తాను. పోటెత్తడం అంటే పొంగడమే.

వార్డు డాక్టరు: మాస్టారు వ్యాకరణం చెప్పలేదు, రోగం చెప్పారు. నేను "చే" వైపే.

సాగరతీరం: నాతో చదివిన మిత్రుడికి ఇప్పుడే ఫోను చేశాను. మూడోది అతనికీ గుర్తు లేదు. "గే"నో "చే"నో చెప్పలేనన్నాడు. ఆ మాట అంటూ మాస్టారు నల్లబల్ల అడుగు నుంచి పై అంచు దాకా సుద్దతో ఒక పొడవాటి గొట్టం గీసేవారట.

ఆటుపోట్లు: అది హేల్స్ గొట్టమే! "గే" ఖాయం.

వార్డు డాక్టరు: ఆ గొట్టంలో ఎంతవరకు నింపి చూపించేవారో కూడా కనుక్కోండి.