వేలచ్చేరిలో సింగిల్ బెడ్‌రూం: సామాన్లు ఎక్కడ సర్దాలి?

చెల్లెమ్మా,

ఒంగోలు నుంచి చెన్నై వేలచ్చేరిలో సింగిల్ బెడ్‌రూం ఇంటికి మారుతున్నాం, ఇద్దరి సామాన్లు ఎక్కడ సర్దాలి అని లారీ మాట్లాడకముందే అడిగారు, మంచి పని చేశారు. మీ పోస్టుకి జవాబిచ్చిన మిగతావాళ్లంతా మంచం కింద పెట్టుకోండి, తలుపు వెనక కొక్కేలు తగిలించుకోండి అని రాశారు. అవన్నీ పనికొచ్చేవే. కాకపోతే చెన్నైలో చోటు ఎంత ఉందో చూసేముందు ఆ చోటుకి గాలి తగులుతుందా, నీళ్లు చేరతాయా అని చూడాలి. సముద్రపు తేమకి, మూసి ఉంచిన సామాను ఒక్క వానాకాలంలోనే బూజు పట్టి వాసన వస్తుంది.

ముందు నీళ్ల సంగతి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేలచ్చేరి పల్లపు ప్రాంతం. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడూ అక్కడ చాలా ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మీరు చూసిన రెండిళ్లలో గ్రౌండ్ ఫ్లోర్‌ది కాస్త పెద్దదని రాశారు. చిన్నదైనా సరే, పై అంతస్తులో ఉన్నదే తీసుకోండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో మంచం కింద, బీరువా అడుగు అరలో విలువైనదేదీ పెట్టలేరు. ఆ లెక్కన పెద్దిల్లే చిన్నదవుతుంది. సర్టిఫికెట్లు, పొలం కాగితాలు మాత్రం ఏ అంతస్తులో ఉన్నా జిప్ కవర్లో వేసి ఎత్తైన అరలోనే ఉంచండి.

ఇక అటక. ఈ అపార్ట్‌మెంట్లలో వంటింట్లో ఒకటి, బెడ్‌రూంలో ఒకటి ఉంటాయి, కొన్నింట్లో బాత్రూం పైన కూడా ఉంటుంది. బాత్రూం పైదానిలో బట్టలూ పుస్తకాలూ పెట్టకండి, ఖాళీ బకెట్లు, ప్లాస్టిక్ సామాను చాలు. వంటింటి అటక మీద పండగలకి మాత్రమే దించే పెద్ద గిన్నెలు బోర్లించండి. బెడ్‌రూం అటక మీద సూట్‌కేసులు ఒకదానిలో ఒకటి దూర్చి, అన్నిటికన్నా లోపలి దానిలో దుప్పట్లు పెట్టండి. ప్యాకర్స్ వాళ్ల అట్టపెట్టెల్ని మాత్రం దాచుకోవద్దు. అవి తేమ పీల్చుకుంటాయి, బొద్దింకలు కాపురం పెడతాయి. సర్దడం అయిపోగానే పాతపేపర్ల వాళ్లకి ఇచ్చేయండి.

పట్టుచీరల గురించి ప్రత్యేకంగా అడిగారు. షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవర్లలోంచి అన్నిటినీ తీసేయండి. ఉతికిన పాత నూలుపంచెలో చుట్టి పెడితే గాలి ఆడుతుంది. జరీకి కలరా ఉండలు తగలనివ్వకండి. రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే మడత దగ్గరే చీర చిరుగుతుంది. జనవరి, ఫిబ్రవరిలో వానలు తగ్గి వాతావరణం హాయిగా ఉంటుంది. అప్పుడు బీరువా తలుపులు బార్లా తీసి ఫ్యాన్ వేసి ఒక పూట వదిలేయండి. వాడనివి భోగికి ముందే ఎవరికైనా ఇచ్చేస్తే ఒక అర ఖాళీ అవుతుంది.

వంటింట్లో ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా మాట మర్చిపోండి. ఇద్దరికి అయిదు కిలోలు, పది కిలోలు కొనుక్కుంటే చోటూ మిగులుతుంది, పురుగూ పట్టదు. మన బియ్యం, కందిపప్పు, గోంగూర ఇక్కడ దొరకవేమో అని బస్తాలు మోసుకురావద్దు, అన్నీ దొరుకుతాయి. ఆ మిగిలిన చోటు నీళ్లకి కావాలి. ఇక్కడ చాలా ఇళ్లలో తాగడానికి వాటర్ క్యాన్లే వేయించుకుంటారు. నిండుదొకటి, ఖాళీదొకటి ఎప్పుడూ వంటింట్లో ఉంటాయి. 2019 ఎండాకాలంలో ఊరికి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం బారులు తీరారు. మన కండలేరు జలాశయం నుంచి తెలుగుగంగ కాలువలో, చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువుకి కృష్ణా నీళ్లు వస్తున్నా ఆ ఇబ్బంది తప్పలేదు. అందుకే మూతున్న డ్రమ్ము ఒకటి పట్టే మూల ముందే చూసి పెట్టుకోండి.

ఆన్‌లైన్లో చవగ్గా కనిపించే షెల్ఫులు కొనకండి. ఇంజనీర్డ్ వుడ్ అని రాసి అమ్మేవాటిలో చాలావరకు పార్టికల్ బోర్డే. తడి తగిలితే ఉబ్బిపోతుంది, స్క్రూలు ఊడొస్తాయి. రంగు గట్టిగా వేసిన ఇనుప ర్యాక్ ఒకటి కొనండి, కాళ్లకి ప్లాస్టిక్ తొడుగులు వేయించండి. గోడకి నాలుగు వేళ్ల ఎడంగా నిలబెట్టండి. బోల్టులు విప్పి ఇంకో ఇంటికి తీసుకెళ్లొచ్చు. స్టీలు, ప్లాస్టిక్ డబ్బాలు ఎక్కువ కావాలంటే పారీస్ కార్నర్ అనే బజారు వీధుల్లో హోల్‌సేల్ ధరకి దొరుకుతాయి, సెంట్రల్ స్టేషన్‌కి దగ్గరే. గోడకి డ్రిల్లింగ్ చేసేముందు ఓనర్‌ని వాట్సాప్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడేది ఈ కన్నాల దగ్గరే.

చివరగా, అమ్మగారిచ్చిన బీరువా. దాని మీద మీకెంత మమకారమో అర్థమైంది, వదిలేసి రమ్మని నేను చెప్పను. మిగతావి మాత్రం సగం ఒంగోలులోనే ఉంచండి. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి ఇక్కడుంటారు, అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తేవచ్చు. బీరువా ఎత్తు, వెడల్పు, లోతు కొలిచి, ఇక్కడి లిఫ్టు తలుపు, మెట్ల మలుపు, బెడ్‌రూం గుమ్మం కొలతలు ఓనర్‌ని అడిగి తెప్పించుకోండి. అవన్నీ ఇక్కడే రాస్తే ఏ గోడకి పెట్టాలో చూసి చెబుతాను.