తల్లిదండ్రుల ఇంగ్లీష్ క్లాసుకు డబ్బులు ఆపేయడం సరైనదేనా?

జెర్సీ అమ్మ:
అమెరికాలో మా ఊరి ప్రాథమిక బడిలో వారానికి మూడు పూటలు తల్లిదండ్రులకు ఇంగ్లీష్ నేర్పుతారు. క్లాసు జరిగే రెండు గంటలూ చిన్నపిల్లల్ని పక్క గదిలో ఆడిస్తారు. చివరి అరగంట తల్లీబిడ్డా కలిసి ఒకే పుస్తకం చదువుతారు. వచ్చే ఏడాది నుంచి ఇది ఉండదట.

నేను తెలుగు మీడియంలో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక హెచ్4 వీసా (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వచ్చాను. మా బాబు కిండర్‌గార్టెన్‌లో ఉండగా ఒకరోజు మంచు పడుతోంది, బడి నుంచి ‘ఎర్లీ డిస్మిసల్’, అంటే పిల్లల్ని ముందే వదిలేస్తున్నాం అని మెసేజ్ వచ్చింది. అప్పట్లో డిస్మిసల్ అంటే ఉద్యోగంలోంచి తీసేయడమని మాత్రమే నాకు తెలుసు. ఎవరో టీచర్ని తీసేశారనుకుని ఊరుకున్నాను. బాబు ఆఫీసు గదిలో గంటన్నర నాకోసం కూర్చున్నాడు. ఆ తర్వాతి వారమే ఈ క్లాసులో చేరాను. మా ఊరి బళ్లను నడిపే స్కూల్ బోర్డు సమావేశంలో దీని గురించి మాట్లాడాలని ఉంది. మీరేమంటారు?

డాలస్ నాన్న:
మీ బాధ అర్థమైంది అక్కా. కానీ నేను వేరేలా ఆలోచిస్తాను. ఈ దేశంలో ఇలాంటిదే ‘ఈవెన్ స్టార్ట్’ అనే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పథకం ఉండేది. 1988 చట్టంతో మొదలైంది. పెద్దలకు చదువు, పిల్లలకు బడి ముందు చదువు, పిల్లల పెంపకంపై పాఠాలు, ఇద్దరూ కలిసి చదవడం, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ఒక దశలో ఏటా 25 కోట్ల డాలర్లు ఇచ్చారు. జాతీయ స్థాయి అధ్యయనాల్లో మాత్రం, పథకంలో చేరిన కుటుంబాలు చేరని కుటుంబాల కంటే ముందుకు పోయినట్టు తేలలేదు. 2011లో నిధులు పూర్తిగా ఆగిపోయాయి. ఫలితం రాని దానికి పన్ను డబ్బు ఎందుకు? ఫోన్‌లో ఉచితంగా ఎన్ని పాఠాలు లేవు? ఇక బడివాళ్లు ముఖ్యమైన సమాచారాన్ని తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో చెప్పాలన్నది 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యతే కదా.

శనివారం వాలంటీర్:
మా ఊరి లైబ్రరీలో నేను ఆరేళ్లుగా పెద్దవాళ్లకు చదువు చెబుతున్నాను. అన్నా, ఆ అధ్యయనాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కుటుంబాలు క్లాసుల్లో గడిపిన గంటలు చాలా తక్కువ. పోల్చి చూసిన కుటుంబాల్లోనూ కొందరు బయట అలాంటి చదువే చదువుకున్నారు. నాలుగు రోజులు మందు వేసుకుని మానేసినవాళ్లను చూసి మందే పనికిరాదంటామా?

ఎందుకు మానేస్తారో నాకు తెలుసు. పసిపిల్లను ఎక్కడ వదలాలో తెలియక. నా క్లాసుకు గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒకావిడ మూడుసార్లు చేరి మూడుసార్లు మానేసింది. పక్కనే పిల్లల గది తెరిచాక ఏడాదంతా ఒక్కరోజు తప్పలేదు. బడ్జెట్ కోతలో మొదట పోయేది ఆ గదే. ఫోన్ పాఠాలు వింటూ రెండేళ్ల పిల్లను ఆపడం ఎంత కష్టమో ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇంకొకటి. 2025 మార్చి 1న ఇంగ్లీషే అధికార భాష అని అధ్యక్షుడి ఆదేశం వచ్చింది. నేర్చుకొమ్మని అందులోనే ప్రోత్సహించారు. అదే ఏడాది జులై 1న రాష్ట్రాలకు అందాల్సిన వయోజన విద్య నిధుల్ని ఆపేసి, నెలాఖరుకు గానీ వదల్లేదు. ఆ తర్వాతి ఏడాదికైతే ఆ పద్దే వద్దని ప్రతిపాదించారు. నేర్చుకోమనేవాళ్లే నేర్పే చోటు మూసేస్తే ఎలా? నాకు దీని మీద చాలా కోపంగా ఉంది.

డాలస్ నాన్న:
పిల్లల గది విషయం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. అయినా ఎంతమంది ఎన్ని గంటలు వచ్చారో, ఏం నేర్చుకున్నారో లెక్క చూపించకుండా డబ్బు అడగకూడదు. పైగా మనవాళ్లలో చాలామందికి ఇది అవసరం లేదు.

జెర్సీ అమ్మ:
తమ్ముడూ, లెక్క చూపించాలన్న మాట నిజం. మా టీచర్ దగ్గర హాజరు పుస్తకం ఉంది, చేరినప్పుడూ తర్వాతా పెట్టిన పరీక్షల మార్కులూ ఉన్నాయి. అవి పట్టుకునే వెళ్తాను.

మనవాళ్లకు అవసరం లేదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే భర్త పక్కన, నాలాగా ఫోన్ మోగితే గుండె దడదడలాడే భార్యలు చాలామంది ఉన్నారు. బయటికి చెప్పుకోరు. మా క్లాసులో నాతోపాటు గుంటూరు నుంచి మనవడి కోసం వచ్చిన ఒక పెద్దమ్మ, ఇద్దరు బంగ్లాదేశ్ తల్లులు, ఈక్వడార్ నుంచి వచ్చిన ఒక నాన్న ఉన్నారు. ఆయన రాత్రంతా గోదాములో పనిచేసి నిద్రపోకుండా క్లాసుకు వస్తాడు.

బడివాళ్లు ముఖ్యమైన సంగతులకు దుబాసీని పెడతారు, అది మంచిదే. ఆ మనిషి రాత్రి ఎనిమిదింటికి మా వంటింట్లో హోంవర్క్ కాగితం చదివి పెట్టలేడు కదా. ఇప్పుడు బాబు చదువుతుంటే తప్పు ఎక్కడ వచ్చిందో నాకు తెలుస్తోంది. ఒక్కోసారి వాడే నా తప్పు దిద్దుతాడు.

సమావేశంలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలే ఇస్తారు. శనివారం వాలంటీర్ గారూ, ఆ గ్వాటెమాలా తల్లి సంగతి పేరు లేకుండా చెప్పొచ్చా అని ఆవిడనే అడిగి చెప్పండి. డాలస్ తమ్ముడూ, నేను రాసుకున్నది రేపు ఇక్కడ పెడతాను. నీలాంటివాళ్లు బోర్డులోనూ ఉంటారు కాబట్టి, ఏ ప్రశ్న వేస్తారో ముందే అడుగు.