బిల్లును తిప్పి పంపడం రాష్ట్రపతి సొంత నిర్ణయమేనా? తెలిసినవాళ్లు చెప్పండి

ఒంగోలులో గ్రూప్-1కు చదివే పిల్లల కోసం రాష్ట్రపతి అధికారాల మీద నోట్సు తయారుచేస్తున్నాం. ఒక్క చోట ముడి పడింది.

74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడవాలి. 1978లో 44వ సవరణ ఒక్క వెసులుబాటే ఇచ్చింది: సలహాను ఒకసారి పునఃపరిశీలనకు పంపవచ్చు, మళ్లీ అదే వస్తే ఒప్పుకోవాల్సిందే. 111వ అధికరణం వేరే దారి. ద్రవ్య బిల్లు కాకపోతే బిల్లును పార్లమెంటుకే తిప్పి పంపవచ్చు. ఉభయసభలూ మళ్లీ ఆమోదిస్తే సంతకం ఆపడానికి వీల్లేదు. పిల్లలు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు, చాలా గైడ్లూ అంతే. మార్కులు పోయేది ఇక్కడే.

2006లో లాభదాయక పదవుల బిల్లును కలాం గారు తిప్పి పంపారు, మళ్లీ ఆమోదించి పంపాక సంతకం పెట్టారు. 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లును జైల్ సింగ్ గారు సంతకమూ పెట్టలేదు, తిప్పీ పంపలేదు. 111లో గడువు లేదు, ‘వీలైనంత త్వరగా’ అన్న మాట కూడా తిప్పి పంపడానికే.

మా ప్రశ్న: బిల్లు న్యాయశాఖ ద్వారా రాష్ట్రపతి భవన్‌కు వెళ్తుంది కదా, ఆ ఫైలుతో వెళ్లే సిఫార్సు 74 కింద సలహా అవుతుందా? అయితే, తిప్పి పంపడం ఆ సలహాను దాటడమా? తీర్పు ఏదైనా ఉంటే సంవత్సరంతో సహా చెప్పండి, నోట్సులో అదే రాస్తాం.