తమ్ముణ్ని బళ్లో ఏడిపిస్తున్నారు, ఎవరికి చెప్పాలి?

మాది విజయనగరం. తమ్ముడు పదో తరగతి. నడక ఆడపిల్లలా ఉందని క్లాసులో రోజూ ఏడిపిస్తున్నారు. మొన్న వాడి క్యారేజీ మూత మీద మార్కర్‌తో బూతు రాశారు. రాత్రి కుళాయి దగ్గర కూర్చుని పీచుతో గీకుతున్నాడు. అడిగితే, "అక్కా, నాకు అబ్బాయిలంటేనే ఇష్టం. బతకాలని లేదు" అన్నాడు. ఆ రాత్రంతా పక్కనే ఉన్నాను. పొద్దున్నే మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయించాను. తెలుగులోనే మాట్లాడారు, కాస్త తేలికపడ్డాడు.

సారేమో "నువ్వే మగాడిలా ఉండు" అన్నారట. మగవాళ్లు మగవాళ్లని ఇష్టపడటం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, ఆయనదాకా రాలేదేమో!

నాన్నకి ఇంకా తెలీదు. వాడి సంగతి బయటపడకుండా, ఏడిపించడం గురించి మాత్రమే హెడ్మాస్టరుకి కాగితం రాసివ్వొచ్చా? లేక పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలా? ఇలాంటి పిల్లలతో ఓపిగ్గా మాట్లాడే డాక్టరు ఇక్కడో వైజాగ్‌లోనో మీకు తెలుసా?