లింకన్ ఉత్తరంలో ‘డ్రాఫ్ట్’, ఎడ్లు: తెలుగులో ఎలా?

గ్రూపు పెద్దలకు ఒక సందేహం. అబ్రహాం లింకన్ 1863 ఆగస్టు 7న న్యూయార్క్ గవర్నర్ హొరేషియో సీమోర్‌కి రాసిన ఉత్తరం తెలుగు చేస్తున్నాను. అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం పేర్లు డ్రమ్ములో వేసి తిప్పి, చీటీ వచ్చినవాణ్ణి సైన్యంలోకి తీసుకుంటున్నారు. దీన్నే ఇంగ్లీషులో ‘డ్రాఫ్ట్’ అంటారు. 300 డాలర్లు కడితే వదిలేస్తారు, లేదా తన బదులు ఇంకో మనిషిని పంపొచ్చు. ఇది చూసి కూలీనాలీ జనం మండిపడ్డారు. జులైలో న్యూయార్క్ నాలుగు రోజులు తగలబడింది. ఆ కోపమంతా నల్లజాతివాళ్ళ మీదికి మళ్ళి, ఎందరినో చంపేశారు.

మా నగరానికి కోటా ఎక్కువ వేశారు, చట్టం చెల్లుతుందో లేదో కోర్టులు తేల్చేదాకా డ్రాఫ్ట్ ఆపండి అని సీమోర్ రాశాడు. కొన్ని నియోజకవర్గాల్లో కోటా తగ్గిస్తాను గానీ ఆపడం మాత్రం కుదరదు, వ్యవధి లేదు అన్నది లింకన్ జవాబు.

మొదట నేను ‘ముసాయిదా ఆపను’ అని రాసేశాను! మా ఆవిడ చదివి, ‘ఏ బిల్లుదండీ?’ అంది. బ్యాంకు డీడీ అనుకోలేదు, నయం.

— ‘నిర్బంధ సైనిక సేవ’ అని పత్రికల్లో వాడతారు కదండీ.

— అది చట్టానికి సరిపోతుంది మాస్టారూ, ఉత్తరానికి బరువు. ‘బలవంతపు భర్తీ’ అంటే నోరు తిరుగుతుంది. చీటీలు తీసే చోట మాత్రం ‘చీటీ పడింది’ అంటే చాలు. ఇంగ్లీషు మాటలోనూ లాగడమనే అర్థమే ఉంది.

బాగుంది, తీసుకుంటున్నాను. అసలు చిక్కు ఇంకోటి. శత్రువు చేతికందిన ప్రతి మగవాణ్ణీ తన దండులోకి ఎలా తోలుతున్నాడో చెబుతూ, ‘కసాయివాడు ఎడ్లను కబేళాలోకి తోలినట్టు’ అంటాడు లింకన్. మన చెవికి గొర్రెలైతే బాగుంటుందేమో?

— వద్దు బాబూ. మన సామెతలో గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది. నమ్మి వెంట వెళ్ళేదాని సంగతి వేరు. లింకన్ చెప్పేది నమ్మకం గురించి కాదు, అటువైపు వాదనల్లేవు, కాలయాపన లేదు అని. అక్కడ ఎద్దే ఉండాలి. పైగా దున్నే ఎద్దు కబేళాకి పోతోందంటే మన రైతుకి కడుపులో దేవినట్టుంటుంది. ఆ బాధ వాక్యానికి అదనపు లాభం.

— నాదొక చిన్న మాట. బదులు వెళ్ళేవాణ్ణి ‘బదిలీ’ అంటే? మిల్లుల్లో బదిలీ కార్మికులనేవారు.

ఆలోచించానండీ. కానీ ఇప్పుడు బదిలీ అంటే ట్రాన్స్‌ఫరే గుర్తొస్తుంది, సైనికుణ్ణి అనంతపురం నుంచి ఆదిలాబాద్‌కి వేసినట్టుంటుంది. ‘బదులు మనిషి’ అనే ఉంచుతున్నాను. ఎడ్లు కూడా ఉంటాయి.