నాన్నగారి ప్రోస్టేట్ ఆపరేషన్: రోబోనా, లాప్రోస్కోపీనా?

బ్రాడీపేట అబ్బాయి:
నాన్నగారికి 67 ఏళ్లు. ప్రోస్టేట్ రక్తపరీక్ష పీఎస్‌ఏ 11, బయాప్సీలో క్యాన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 3+4. క్యాన్సర్ ప్రోస్టేట్ దాటలేదన్నారు. గుంటూరు డాక్టరుగారు లాప్రోస్కోపీకి, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేతితో చేసే ఆపరేషన్‌కు, రెండున్నర లక్షలు చెప్పారు. విజయవాడలో రోబోతో అయితే నాలుగున్నర. "రోబో అయితే మూత్రం కారదు" అని అక్కడి సిబ్బంది అన్నప్పటి నుంచి అమ్మ తన గాజులు అమ్మేయమంటోంది. రెండు లక్షల తేడాకు తగిన ఫలితం ఉంటుందా? చేయించుకున్నవారు చెప్పండి.

పటమట మాస్టారు:
బాబూ, అమ్మగారి గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. కారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాకు 2022లో లాప్రోస్కోపీ చేశారు. తొమ్మిదో రోజున కాథెటర్ (మూత్రం గొట్టం) తీశారు, ఆటోలో ఇంటికి చేరేలోపే పంచె తడిసిపోయింది. మొదటి నెల రోజుకు ఐదారు ప్యాడ్లు. రైతుబజారుకు వెళ్లాలన్నా భయమే. మూత్రం బిగబట్టే కండరాల వ్యాయామం పూటపూటా చేస్తే ఎనిమిదో నెలకు ప్యాడ్ మానేశాను. ఇప్పటికీ గట్టిగా తుమ్మితే ఒక చుక్క పడుతుంది.

రోబో తనంతట తాను ఏమీ కోయదు. డాక్టరే పక్కన కూర్చుని నడుపుతారు. లోపల మణికట్టులా తిరిగే పరికరాలుంటాయి కాబట్టి ప్రోస్టేట్ తీసేశాక మూత్రాశయాన్ని, మూత్రం బయటికి వచ్చే నాళాన్ని కలిపి కుట్టడం తేలిక. ఆ పరికరాలను కొన్నిసార్లు వాడాక పారేయాలి, ఆ ఖర్చూ బిల్లులోకే వస్తుంది. జర్మనీలో ఈ రెండు పద్ధతులనూ పోల్చి 2021లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలలకు మూత్రంపై పట్టు వచ్చినవారు రోబోతో 54 శాతం, లాప్రోస్కోపీతో 46 శాతం. తేడా ఉంది, నిజమే. కానీ రోబోతో చేయించుకున్నవారిలోనూ దాదాపు సగం మందికి అప్పటికి పట్టు రాలేదు!

నేనైతే డాక్టరుగారి చెయ్యి చూస్తాను. ఇలాంటివి ఎన్ని చేశారు? ఏడాది తర్వాత ప్యాడ్ అక్కర్లేనివారు ఎందరు? తీసిన గ్రంథి అంచుల్లో క్యాన్సర్ కనిపించినవి ఎన్ని? దాంపత్య జీవితం గురించి కూడా అడగండి. దానికి అవసరమైన నరాలు ప్రోస్టేట్‌ను ఆనుకునే ఉంటాయి. ఆపరేషన్‌కు ముందు నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

బీమా క్లెయిముల ఉద్యోగిని:
పాలసీ ఉంటే ఒకసారి చదవండి. రోబో శస్త్రచికిత్సను బీమా నుంచి పూర్తిగా మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. అయితే దానికి విడిగా పరిమితి పెట్టే వీలు కంపెనీలకు ఉంది. ఆ అంకె ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

బ్రాడీపేట అబ్బాయి:
మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకున్నాను. శనివారం నాన్నగారితో గుంటూరు డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాను. చివరి ప్రశ్న ఆయనే అడుగుతానన్నారు, నన్ను మాత్రం ఆ కాసేపు బయట కూర్చోమన్నారు.